సాఫ్ట్‌వేర్ 48 చూపిస్తోంది, గుడ్డ ఆగుతుందా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను, చదివే మిగతావాళ్లకీ వీలుగా ఉంటుంది. మైపాడు బీచ్ దగ్గర ఒక రిసార్ట్ వాకిట్లో 10 మీటర్లకి 10 మీటర్ల టెన్సైల్ పందిరి, అంటే బిగించి లాగి కట్టే గుడ్డ పందిరి. ఎదురెదురు మూలలు రెండు 5.5 మీటర్ల ఎత్తులో, మిగతా రెండు 2.5 మీటర్ల ఎత్తులో. నాలుగు అంచుల్లోనూ స్టీలు కేబుళ్లు, ఒక్కోటి మధ్యలో మీటరు లోపలికి వంగి ఉంటుంది. గుడ్డ పీవీసీ పూత వేసిన పాలిస్టర్, టైప్ 2, మందం 0.8 మిల్లీమీటర్లు. ప్రీస్ట్రెస్, అంటే గాలి లేనప్పుడే గుడ్డకి ఇచ్చే బిగువు, మీటరుకు 2 కిలోన్యూటన్లు. పైకి లేపే గాలి చదరపు మీటరుకు 1.2 కిలోన్యూటన్లు. రన్ చేస్తే మూల దగ్గర ఎర్రగా వాన్ మీసెస్ (అన్ని దిశల స్ట్రెస్‌లనీ ఒక్క అంకెలో కలిపిన కొలత) 48 మెగాపాస్కల్స్ వచ్చింది, పందిరి నడుమ 19.3. ఎక్స్, వై దిశల్లో చూస్తే నడుమ రెండూ 7.3 మాత్రమే. ప్రిన్సిపల్ స్ట్రెస్‌లు, అంటే అన్నిటికంటే ఎక్కువ, అన్నిటికంటే తక్కువ లాగుడు పడే దిశల్లోవి, చూస్తే 17.6, మైనస్ 3. నడిమి భాగం 45 సెంటీమీటర్లు పైకి లేచింది. వీటిలో ఏ అంకె పట్టుకోవాలి, ఆ మైనస్ ఏమిటి, గుడ్డ పాసా ఫెయిలా అని మీరు అడిగారు.

నా లెక్కలో మీ గుడ్డ మీద నడుమ పడే లాగుడు మీటరుకు దాదాపు 15.4 కిలోన్యూటన్లు. మీ స్క్రీన్ మీద ఆ అంకె ఎక్కడా లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే మీ ప్రశ్నల్లో సగానికి జవాబు దొరుకుతుంది.

మన భాషతోనే ఒక తిరకాసు ఉంది. స్ట్రెస్‌నీ ఒత్తిడే అంటాం, ప్రెషర్‌నీ ఒత్తిడే అంటాం. ఇంటర్ తెలుగు మీడియం పుస్తకంలో మాత్రం ప్రతిబలం, పీడనం అని వేరువేరుగా నేర్పారు. గుడ్డ పందిరి పనిలో ఆ తేడా మరిచిపోకూడదు. గాలి గుడ్డ ముఖం మీద నిలువుగా తోసేది పీడనం. ఆ తోపుని మోయడానికి గుడ్డ తన ఒంటి వెంబడే పడే లాగుడు ప్రతిబలం. ఈ రెంటినీ కలిపేది వంపు. అదే ఇంటర్‌లో సబ్బు బుడగ పాఠం గుర్తు తెచ్చుకోండి: బుడగ లోపలి అధిక పీడనం కావాలంటే తలతన్యతని నాలుగింతలు చేసి వ్యాసార్థంతో భాగించాలి. నాలుగు ఎందుకంటే బుడగకి లోపల ఒకటి, బయట ఒకటి రెండు తలాలు, ఒక్కో తలానికి రెండు దిశల్లో వంపు. మన గుడ్డకి తలం ఒక్కటే, కానీ రెండు దిశల్లో లాగుడు వేరు, వంపు వేరు. కాబట్టి సూత్రం ఇలా మారుతుంది: ఒక దిశలో లాగుడుని ఆ దిశ వంపు వ్యాసార్థంతో భాగించండి, రెండో దిశలోనూ అలాగే చేయండి, రెండూ కలిపితే పీడనం రావాలి. వంపులు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటే ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేయాలి. గుర్రం జీను ఆకారం కాబట్టి మీ పందిరిది ఈ తీసేసే రకం.

ఇప్పుడు మీ పందిరిని కాగితం మీద పెడదాం. మూల నుంచి మూలకి ఐమూల దూరం 14.14 మీటర్లు. ఎత్తు మూలల మధ్య గుడ్డ ఉయ్యాలలా 1.5 మీటర్లు కిందికి దిగుతుంది, దిగువ మూలల మధ్య గోపురంలా 1.5 మీటర్లు పైకి లేస్తుంది. వ్యాసార్థం కావాలంటే దూరాన్ని వర్గం చేసి, దిగుడుకి ఎనిమిది రెట్లతో భాగించండి. 200ని 12తో భాగిస్తే 16.7 మీటర్లు, రెండు వైపులా అంతే. ప్రీస్ట్రెస్ 2ని 16.7తో భాగిస్తే 0.12. అంటే గాలి లేనప్పుడు ఉయ్యాల వైపు దారాలు గుడ్డని చదరపు మీటరుకు 0.12 కిలోన్యూటన్లతో పైకి లాగుతుంటే, గోపురం వైపు దారాలు అంతే బలంతో కిందికి లాగుతున్నాయి. పన్నెండు కిలోల పోట్లాట. పందిరికి బిగువు ఇచ్చేది అదే.

దాని మీదికి 1.2 పీడనం వచ్చింది, పోట్లాటకి పదింతలు. గాలి పైకి లేపుతుంది కాబట్టి కిందికి పట్టి ఉంచాల్సింది గోపురం వైపు దారాలు. ఉయ్యాల వైపు దారాలు పైకి లాగేవే కనుక సాయం చేయకపోగా మొదట్లో గాలి పక్షాన ఉంటాయి, తర్వాత వదులైపోతాయి. మొత్తం భారం గోపురం దిశ మీదే పడుతుందనుకుంటే లాగుడు 1.2ని 16.7తో గుణించినంత, అంటే 20. కానీ గుడ్డ సాగుతుంది, నడుమ లేస్తుంది, లేచిన కొద్దీ గోపురం వంపు పెరుగుతుంది, పెరిగిన కొద్దీ లాగుడు తగ్గుతుంది. మీ ఫలితంలో 45 సెంటీమీటర్లు లేచిందన్నారు కదా. 1.5 కాస్తా 1.95 అయింది, వ్యాసార్థం 12.8 మీటర్లకి దిగింది. 1.2ని 12.8తో గుణిస్తే 15.4. ఇదే ఇందాక నేను చెప్పిన అంకె. క్యాలిక్యులేటర్ మీద రెండు నిమిషాల పని.

సాఫ్ట్‌వేర్ ఏమంది? ప్రిన్సిపల్ స్ట్రెస్ 17.6 మెగాపాస్కల్స్. మందం 0.8 మిల్లీమీటర్లతో గుణిస్తే మీటరుకు 14.1 కిలోన్యూటన్లు. నా 15.4కీ దాని 14.1కీ మధ్య 1.3 ఎక్కడ పోయింది?

మీరు అడిగిన మైనస్ 3 దగ్గర పోయింది. మైనస్ అంటే ఉయ్యాల దిశలో గుడ్డ నొక్కుడు పడుతోందని సాఫ్ట్‌వేర్ చెబుతోంది. గుడ్డకి నొక్కుడు తెలియదు. పంచె అంచులు పట్టుకుని దగ్గరికి తెస్తే అది ముడతలు పడుతుందే గాని మీ చేతుల్ని వెనక్కి తోయదు. కానీ మీరు వాడిన ఎలిమెంట్‌కి, అంటే సాఫ్ట్‌వేర్ గుడ్డని విడగొట్టే చిన్న ముక్కకి, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అది దాన్ని పల్చటి రేకు అనుకుని, మీటరుకు 2.4 కిలోన్యూటన్ల నొక్కుడు పడనిచ్చింది. ఉయ్యాల వైపు దిగుడు 1.5లోంచి 0.45 పోయి ఇప్పుడు 1.05 మీటర్లు, వ్యాసార్థం దాదాపు 24. 2.4ని 24తో భాగిస్తే 0.1. అంటే గాలి పీడనం 1.2లో 0.1ని లేని నొక్కుడు మోసేస్తోంది. మిగిలిన 1.1నే గోపురం దిశ మోస్తోంది. 1.1ని 12.8తో గుణించి చూడండి, 14.1 వస్తుంది. లెక్క సరిగ్గా కలిసింది.

అందుకే మైనస్ కనిపిస్తే "కొంచెమే కదా" అని వదిలేయకండి. మీ కేసులో అది నిజమైన లాగుడుని ఎనిమిది శాతం దాకా దాచిపెట్టింది. అదీగాక లేచిన 45 సెంటీమీటర్లు కూడా ఆ దొంగ నొక్కుడు పట్టి ఉంచితే వచ్చిందే. అది తీసేస్తే నడుమ ఇంకాస్త లేస్తుంది, వంపు కాస్త పెరుగుతుంది, లాగుడు 15.4 కంటే పిసరంత తగ్గవచ్చు. చాలా సాఫ్ట్‌వేర్లలో మెంబ్రేన్ (పందిరి గుడ్డ) ఎలిమెంట్‌కి నొక్కుడు వద్దు, ముడతలు పడనివ్వు అనే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్ చేసి మళ్లీ రన్ చేయండి. రన్ మొరాయిస్తుంది, కన్వర్జ్ కాదు (జవాబు ఒకచోట కుదురుకోదు), విసుగొస్తుంది. లోడుని ఒకేసారి వేయకుండా పది పదిహేను మెట్లుగా వేస్తే సర్దుకుంటుంది.

వదులైందంటే కూలిపోయిందని కాదు. పెద్ద గాలిలో ఒక దిశ కాసేపు వదులవడం చాలా పందిళ్లలో జరిగేదే. కానీ ఎంత భాగం వదులైంది, ఎక్కడ వదులైంది అన్నది చూడాలి. అంచు దగ్గర వదులైన గుడ్డ టపటపా కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడం వల్ల పూత చిట్లుతుంది, అతుకు ఊడుతుంది. మీరు వేసింది కదలని గాలి లోడు కాబట్టి ఆ టపటప ఏ రంగులోనూ కనపడదు. నేనైతే మామూలు రోజుల్లో వచ్చే గాలికి, అంటే డిజైన్ గాలిలో మూడో వంతుకో నాలుగో వంతుకో విడిగా ఒక రన్ వేస్తాను. అప్పుడు కూడా వదులు కనిపిస్తే ప్రీస్ట్రెస్ చాలదని అర్థం.

ఇక వాన్ మీసెస్. ఇది స్టీలుకి పుట్టిన కొలత. ఏ దిశలో లాగినా ఒకేలా ఉండే లోహం ఎప్పుడు సాగిపోతుందో చెప్పడానికి పనికొస్తుంది. మన గుడ్డ నేసినది. దానికి పడుగు ఉంది, పేక ఉంది. ఈ రెండు మాటలు మనకి కొత్తవి కావు. వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గాని నా వయసు వాళ్లకి అది నెల్లూరు వెంకటగిరే. అక్కడ మగ్గం ముందు కూర్చున్న మనిషిని అడిగితే ఇంజినీరింగ్ కాలేజీ కంటే బాగా చెబుతాడు: పడుగు బిగించి ఉంటుంది, తిన్నగా ఉంటుంది, పేక దాని పైనా కిందా మెలికలు తిరుగుతూ పోతుంది. అందుకే గుడ్డని పేక వైపు లాగితే ముందు ఆ మెలికలు తిన్నబడతాయి, ఎక్కువ సాగుతుంది. పేక తిన్నబడితే పడుగు వంకర పడుతుంది, అంటే ఒకవైపు లాగితే రెండో వైపు కుంచించుకుపోతుంది. పాలిస్టర్ మెంబ్రేన్‌లోనూ పూత కింద జరిగేది ఇదే. దీన్ని వాన్ మీసెస్ అనే ఒక్క అంకెలో కుక్కితే ఏదీ మిగలదు. రెండు దిశల్లో 20, 10 ఉంటే వాన్ మీసెస్ 17.3 చూపిస్తుంది, అసలు లాగుడు కంటే తక్కువ. మీ దగ్గర 17.6, మైనస్ 3 ఉంటే 19.3 చూపించింది, అసలు లాగుడు కంటే ఎక్కువ. ఒకచోట భయపెడుతుంది, ఇంకోచోట జోకొడుతుంది. మెంబ్రేన్ రిపోర్టులోంచి ఆ బొమ్మ తీసేయండి.

ఎక్స్, వైలలో వచ్చిన 7.3 ఇంకా ప్రమాదం. మీ ఎక్స్, వై అక్షాలు పందిరి అంచుల వెంట ఉన్నాయి. లాగుడేమో ఐమూలగా ఉంది. 45 డిగ్రీల్లో తిప్పి చూస్తే 17.6, మైనస్ 3ల సగటు రెండు వైపులా కనిపిస్తుంది, అదే 7.3. పోయిన మిగతా 10.3 షియర్ (గుడ్డ గళ్లని పక్కకి వాల్చే స్ట్రెస్) రూపంలో ఇంకో బొమ్మలో దాక్కుని ఉంది, మీరు ఆ బొమ్మ తెరవలేదు. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, దిశ మనం చెప్పలేదు. గుడ్డ పట్టీలు ఎటు పరుస్తారో, అంటే కటింగ్ ప్యాటర్న్‌లో పడుగు ఎటుందో, మెటీరియల్ అక్షాన్ని అటు తిప్పండి. పడుగు లాగుడు ఒక బొమ్మ, పేక లాగుడు ఒక బొమ్మ, షియర్ ఒక బొమ్మ. మీటరుకు కిలోన్యూటన్లలో అడగండి, మెగాపాస్కల్స్‌లో వద్దు. గుడ్డ మందం కొలవడం ఒక తలనొప్పి, పూత ఎంత, దారం ఎంత అన్న గొడవ. మిల్లు వాళ్లూ బలాన్ని మందంతో చెప్పరు, 5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీకి ఇన్ని న్యూటన్లు అని చెబుతారు.

టైప్ 2 గుడ్డకి ఆ అంకె సాధారణంగా పడుగు వైపు 4,200, పేక వైపు 4,000 దగ్గర ఉంటుంది. మీ రోల్‌తో వచ్చిన షీటు చూసి ఖాయం చేసుకోండి. మీటరుకి మారిస్తే 84, 80 కిలోన్యూటన్లు. 15.4 పక్కన 84 చూసి ఊపిరి పీల్చుకోకండి. ఆ 84 ల్యాబ్‌లో కొత్త గుడ్డని, చిరుగు లేనిదాన్ని, కాసేపు లాగితే వచ్చినది. మన గుడ్డ పదిహేనేళ్లు ఎండలో ఉంటుంది. మే నెల నెల్లూరు ఎండలో నల్లబడ్డ కార్నర్ ప్లేటు మీద చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది అతుకు వెల్డింగ్ మీద వేడి ఏం చేస్తుందో. పీవీసీ మెత్తబడితే అతుకు బలం గుడ్డ బలం కంటే ముందు పడిపోతుంది. ఒక చిన్న గాటు పడితే అక్కణ్నుంచి చిరుగు పాకడానికి కావాల్సిన లాగుడు, గాటు లేని గుడ్డని తెంపడానికి కావాల్సిన దానికంటే బాగా తక్కువ. ఇవన్నీ కలిపి గాలి కేసుకి 5తో భాగించడం మా పనిలో అలవాటు. 84కి 16.8, 80కి 16. మీ 15.4 పాసే, కానీ అంచు మీద పాస్. ఐమూల దిశలో పేక వస్తే ఇంకా బిగుతు.

ఆ 1.2 కూడా ఒకసారి చూద్దాం. గాలి లోడుకి మన దేశ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరుకి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. వర్గం చేసి 0.6తో గుణిస్తే 1,500 పాస్కల్స్, అంటే 1.5. దాన్ని మీరు పందిరికి పీడన గుణకం 0.8తో గుణించి 1.2 తీసుకున్నారు. నెల్లూరు ఊళ్లో అయితే సరే. మైపాడులో ముందు సముద్రం, అడ్డు ఏమీ లేదు. అది మొదటి రకం టెరైన్ (చుట్టూ నేల తీరు), 10 మీటర్ల ఎత్తుకి వేగం గుణకం 1.05. వేగం 52.5, పీడనం 1.65, 0.8తో గుణిస్తే 1.32. పది శాతం పెరిగింది, మీ 16 దాదాపు నిండిపోయింది. మీరు కావలి వాళ్లు, 1989 నవంబరులో ఆ తుపాను మీ ఊరి దగ్గరే తీరం దాటింది, మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే 50 అన్న అంకె కాగితం మీది అంకె కాదని చెబుతారు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు గుడ్డ దించేసే ఏర్పాటు ఉంటే మంచిదే. కానీ ఆ రోజు రిసార్ట్‌లో దించేవాడు ఉంటాడన్న నమ్మకంతో డిజైన్ తగ్గించకండి.

మీ స్నేహితుడు చేసిన సీఎఫ్‌డీ (కంప్యూటర్‌లో గాలి ప్రవాహాన్ని లెక్కించడం) బొమ్మ గురించి అడిగారు. పైముఖం మీద మైనస్ 900, కింది ముఖం మీద ప్లస్ 300 పాస్కల్స్. పైన మైనస్ అంటే గాలి గుడ్డని పైకి పీలుస్తోంది, కింద ప్లస్ అంటే పైకి నెడుతోంది. రెండూ ఒకే దిశలో పనిచేస్తున్నాయి కాబట్టి కలిపితే 1,200. చాలామంది పైముఖం బొమ్మ ఒక్కటే చూసి 900 తీసుకుంటారు. ఇంకో సంగతి, కొన్ని సాఫ్ట్‌వేర్లు వాతావరణ పీడనంతో కలిపి 1,00,425 అనీ 1,01,625 అనీ చూపిస్తాయి. 1,01,325 తీసేయందే అర్థం ఉండదు. తీసేయకుండా స్ట్రక్చర్ సాఫ్ట్‌వేర్‌లోకి దించిన ఫైలు ఒకటి నా కళ్లారా చూశాను, పందిరి చంద్రమండలానికి వెళ్లిపోయింది. మీ బొమ్మలో గాలి ఎదురయ్యే అంచున పీల్పు మైనస్ 2,000 దాటింది, వెనక భాగంలో 400 కూడా లేదు. సగటు 1.2 అంతటా వేస్తే నడుమకి సరిపోతుంది, ఆ ముందు అంచుకి సరిపోదు. ఆ అంచు వరకు ఎక్కువ పీడనంతో ఇంకో లోడ్ కేసు పెట్టండి. ఇంకా ఆ సీఎఫ్‌డీలో గుడ్డ గట్టి పలకలా ఉంది. అసలు గుడ్డ 45 సెంటీమీటర్లు లేచాక ఆకారమే వేరు. దాన్ని అంచనాగా తీసుకోండి, కొలతగా కాదు.

పీడనం గుర్తు గురించి నా సొంత కథ ఒకటి. పదేళ్ల కిందట ఒంగోలు వైపు నాలుగు ముక్కల పందిరి ఒకటి చేస్తున్నాం. గాలి కేసులో రియాక్షన్ల (ఆధారాల దగ్గర వచ్చే బలాల) మొత్తం చూస్తే చేత్తో వేసిన లెక్కలో సరిగ్గా సగం వచ్చింది. స్ట్రెస్ బొమ్మ అందంగా ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు. సగం అనేసరికి నాకు ఏదో కొట్టింది. నాలుగు ముక్కల్లో ఒకదానికి మెష్ (ఎలిమెంట్ల వల) తిరగేసి ఉంది, దాని నార్మల్, అంటే పీడనం ఎటు తోయాలో చెప్పే దిశ, కిందికి చూస్తోంది. మూడు ముక్కలు పైకి, ఒకటి కిందికి; మూడులోంచి ఒకటి పోతే రెండు, నాలుగుకి సగం. మీరు కూడా ఏ స్ట్రెస్ చూడకముందే రియాక్షన్లు కూడండి. మీ పందిరి నేల మీద నీడ వైశాల్యం 100 చదరపు మీటర్లలోంచి నాలుగు అంచుల వంపులు ఒక్కోటి 6.7 చొప్పున తీసేస్తే 73. నిలువు రియాక్షన్ల మొత్తం 73ని 1.2తో గుణించిన 88 కిలోన్యూటన్లు రావాలి. గుడ్డ ఎంత వంకరగా ఉన్నా ముఖానికి నిలువుగా పడే సమాన పీడనానికి ఈ నీడ లెక్క సరిపోతుంది. అది కలవకపోతే రంగుల బొమ్మలు తెరవడం దండగ.

మూల దగ్గర ఎర్ర 48 ఇప్పుడు చెప్పుకోవచ్చు, ఎందుకంటే దాని గురించి చెప్పేది తక్కువ. మీరే రెండు మెష్‌లు పంపారు. 40 సెంటీమీటర్ల మెష్‌లో 48, 20 సెంటీమీటర్ల మెష్‌లో 63. నడుమ మాత్రం 17.6, 17.7. నడుమ నిలకడగా ఉంది, మూల పెరుగుతూ పోతోంది. ఇంకా చిన్న మెష్ వేస్తే 80 అవుతుంది, 100 అవుతుంది. గుడ్డ ఒక్క బిందువు దగ్గర ముగుస్తోందని మీరు చెప్పారు కాబట్టి ఆ బిందువు దగ్గర లాగుడికి అంతు లేదు. నిజం మూలలో బిందువు ఉండదు. గుడ్డని వెనక్కి కోసి, బెల్టులు కుట్టి, బిగింపు పట్టీతో కార్నర్ ప్లేటుకి పడతారు. మోడల్‌లోనూ ప్లేటు అంత గుడ్డ కోసేసి చూడండి. అప్పుడు వచ్చేది ఎంతైనా అది చదవదగ్గ అంకె.

మూలల దగ్గర మీరు నిజంగా చూడాల్సింది గుడ్డ స్ట్రెస్ కాదు, కేబుల్ లాగుడు. దీని మీద మీ ప్రశ్నలో ఒక్క వాక్యం కూడా లేదు, నాకు ఎక్కువ దిగులు దీని గురించే. 10 మీటర్లకి మీటరు వంగిన కేబుల్ వ్యాసార్థం 13 మీటర్లు. ప్రీస్ట్రెస్ 2తో గుణిస్తే 26 కిలోన్యూటన్లు. గాలిలో? గుడ్డ లాగుడు 15.4 అంచుకి 45 డిగ్రీల్లో తగులుతుంది. అందులో కేబుల్‌కి అడ్డంగా లాగేది సగం, 7.7. 13తో గుణిస్తే 100. మిగతా సగం కేబుల్ వెంబడే రాసుకుంటూ లాగుతుంది. ఆ రాపిడి వల్ల కేబుల్ లాగుడు అంతటా ఒకేలా ఉండదు. దిగువ మూల వైపు పెరిగి 138 దాకా పోతుంది, ఎగువ మూల వైపు తగ్గి 61 అవుతుంది. నడిమి లాగుడే అంచు దాకా అంతటా ఉందనుకుని వేసిన పైవైపు అంచనా ఇది, మీ సాఫ్ట్‌వేర్‌లో దీనికంటే కొంత తక్కువ రావాలి. సైట్‌లో కేబుల్ తన పాకెట్‌లో (గుడ్డ అంచున కేబుల్ దూర్చే గొట్టంలో) జారితే లాగుళ్లు సమానమవుతాయి, కానీ అప్పుడు గుడ్డ అంచు మూల నుంచి దూరంగా పాకి ముడుచుకుంటుంది. అందుకే మూలల్లో గుడ్డని ప్లేటుకి బెల్టుతో కట్టేస్తారు. మీ మోడల్‌లో గుడ్డ నోడ్లూ (ఎలిమెంట్లు కలిసే బిందువులు) కేబుల్ నోడ్లూ అతుక్కుని ఉన్నాయా, జారే వీలుందా అన్నది చూసుకోండి.

దిగువ మూలలో అలాంటి కేబుళ్లు రెండు కలుస్తాయి, వాటి మధ్య కోణం 46 డిగ్రీలే. ప్రీస్ట్రెస్‌లో ఆ మూల మీద లాగుడు 48 కిలోన్యూటన్లు. గాలిలో 250, అంటే పాతిక టన్నులు, ఏటవాలుగా, పెకలించే దిశలో. మైపాడు ఇసుకలో.

ఇక్కడ చాలామంది చేసే ఇంకో పొరపాటు కూడా చెప్పేస్తాను. ప్రీస్ట్రెస్ ఫలితం ఒకటి, గాలి ఫలితం ఒకటి విడివిడిగా తీసి కూడడం. బీములకి అలవాటైన చెయ్యి. గుడ్డ విషయంలో కూడకూడదు, ఎందుకంటే రెండో లోడు పడేసరికి ఆకారం మారిపోయి ఉంటుంది. ప్రీస్ట్రెస్, సొంత బరువు, గాలి ఒకే రన్‌లో వరసగా వేయాలి. అలాగే గాలిని ఒకటిన్నర రెట్లు చేస్తే గుడ్డ లాగుడు ఒకటిన్నర రెట్లు కాదు, తక్కువే అవుతుంది, వంపు పెరుగుతుంది కనుక. అందువల్ల భద్రతా గుణకాన్ని లోడు మీద కాకుండా వచ్చిన లాగుడు మీద పెట్టడమే జాగ్రత్త.

ఫార్మ్ ఫైండింగ్ (ఇచ్చిన బిగువుకి గుడ్డ ఆకారం వెతకడం) అయ్యాక అంతటా సరిగ్గా 2.0 వచ్చిందని సంతోషపడ్డారు. అది మీరు ఇచ్చిన అంకే మీకు తిరిగి ఇచ్చింది. సైట్‌లో గుడ్డ ముక్కలు కోసి అతికాక, టర్న్‌బకిల్ (కేబుల్ బిగించే మర) తిప్పాక, ఒకచోట 1.2 ఉంటుంది, ఇంకోచోట 3 ఉంటుంది. పైగా పాలిస్టర్ నెమ్మదిగా సాగుతుంది, ఏడాదిలో బిగువు కొంత పోతుంది. అందుకని ప్రీస్ట్రెస్ సగానికి తగ్గించి, మీటరుకు 1 పెట్టి, మొత్తం కేసులు ఇంకోసారి రన్ చేయండి. గరిష్ఠ లాగుడు పెద్దగా మారదు. మారేది వదులయ్యే ప్రాంతం, నీళ్లు నిలిచే ప్రమాదం.

నీళ్ల గురించి మీరు అడగలేదు. ఈశాన్య రుతుపవనాల ఊరు మనది, నవంబరు వానలు మనకే ఎక్కువ. నీడ కోసం వేసిన ఒక పందిరిలో, అది మాదే, దిగువ అంచు దగ్గర వాలు బొత్తిగా తక్కువైంది. ఒక రాత్రి వానకి రెండు మీటర్ల వెడల్పున సంచి పడింది, నడుమ 30 సెంటీమీటర్ల లోతు. లెక్క వేస్తే 470 కిలోలు. పొద్దున వాచ్‌మన్ కర్రతో పొడిచి నీళ్లు దించాడు, గుడ్డ మళ్లీ పాత ఆకారానికి రాలేదు. మా రన్‌లో వాన లోడు ఉంది, అన్నీ పాస్. కానీ ఆ లోడు అంతటా సమానంగా వేసినది. నిజం నీళ్లు గుడ్డ దిగిన చోటికే పోతాయి, పోయి ఇంకా దించుతాయి, ఇంకా నీళ్లు వస్తాయి. ఒక సెంటీమీటరు నీళ్లు చదరపు మీటరుకు పది కిలోలు, అది పెరుగుతూ పోయే పీడనం. వాన కేసు రన్ అయ్యాక స్ట్రెస్ బొమ్మ పక్కన పెట్టి, వంగిన ఆకారానికి ఎత్తు గీతలు గీయించండి. గీత ఎక్కడైనా తనలో తానే మూసుకుని గుంట కనిపిస్తే, అక్కడ చెరువు ఉన్నట్టే.

మీ పందిరికి నేను చేసేది ఇది. ఎగువ మూలల్ని 5.5 నుంచి 6.5కి లేపుతాను. ఎత్తు తేడా 3 నుంచి 4 అవుతుంది, మొదటి వ్యాసార్థం 16.7 నుంచి 12.5కి దిగుతుంది. సాగకముందు లెక్కలోనే 20 కాస్తా 15కి వస్తుంది, నీళ్ల వాలూ బాగుపడుతుంది. మందం గుడ్డ కొనడం కంటే ఆ మీటరు స్టీలు చవక. ఆర్కిటెక్టు ఎత్తు ఒప్పుకోకపోతే టైప్ 3 గుడ్డకి వెళ్లండి. కానీ గుడ్డ మారిస్తే కేబుల్ లాగుడు తగ్గదని ముందే చెప్పి పెట్టండి.

ఫౌండేషన్ డ్రాయింగ్ కాంట్రాక్టరుకి ఇప్పుడే ఇవ్వకండి. మీరు పంపిన ఫైలులో దిగువ మూల బ్లాకుకి 60 కిలోన్యూటన్లు అని రాసి ఉంది. ముడతల ఆప్షన్ ఆన్ చేసి, మూలలు కోసి, 1.32తో కొత్త రన్ వేశాక రియాక్షన్ల పట్టిక ఒక్కటి పంపండి. రంగుల బొమ్మలు అక్కర్లేదు.